ప్లానులో లేని బోదె: గుంటూరు–తెనాలి మధ్య ఒక మాగాణి లేఅవుట్ కేస్ స్టడీ

నేను గుంటూరులో లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్‌ని. మా వాడుకలో ఎల్‌టీపీ అంటారు. ఇళ్లకూ లేఅవుట్లకూ ప్లాన్లు గీసి, కాగితాలు కూర్చి, అనుమతి కోసం దాఖలు చేయడం నా వృత్తి. ఇక్కడ వివరిస్తున్నది, ఒక బోదె (పొలాలకు నీరు పారే సన్నటి కాలువ) నా ప్లానులో లేకపోయిన కేసు. ఇందులో నాకు ఫీజు చెల్లించింది లేఅవుట్ వేయదలచిన భాగస్వాములే. కనుక గ్రామసభలో నేను తటస్థుడిగా కూర్చోలేదన్న సంగతిని చదివేవారు మొదటి నుంచీ గుర్తుంచుకోవాలి. ఊరి పేరు, మనుషుల పేర్లు, సంస్థ పేరు వదిలేశాను. కొలతలు మాత్రం నా ఫీల్డ్ పుస్తకంలో ఉన్నవే.

భూమి, దాని మనుషులు

ఊరు గుంటూరు నుంచి తెనాలి వెళ్లే రహదారికి రెండు కిలోమీటర్లు లోపల ఉంది. కొమ్మమూరు కాలువ కింద సాగయ్యే మాగాణి అది. విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ కృష్ణా పశ్చిమ డెల్టాకు నికరంగా నీరు అందుతోంది. 1957లో ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అంటే ఈ ఊరి నల్లరేగడిలో వరి నాటు కనీసం ఆరేడు తరాల అలవాటు. సార్వాలో వరి వేస్తారు, ఎక్కువగా బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి వచ్చిన బీపీటీ 5204. వరి కోశాక కొందరు మినుము వేస్తే, కొందరు దుక్కి లేకుండానే మొక్కజొన్న గింజ పెడతారు.

లేఅవుట్ కోసం భాగస్వాములు మాట్లాడుకున్నది 22 ఎకరాలు. ఆరు సర్వే నంబర్లు, పదకొండు మంది పట్టాదారులు. వీరిలో ఏడుగురు ఊళ్లో ఉండరు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో స్థిరపడ్డారు. మొత్తంలో 14 ఎకరాలు కౌలు కింద ఉంది. కౌలు చేసేవారు ఎనిమిది మంది కాగా, పంట సాగుదారు హక్కుల చట్టం, 2019 కింద కార్డు ఉన్నవారు నలుగురే. ఆ కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి, దాని గడువు పదకొండు నెలలు, అది పంట మీద హక్కు తప్ప భూమి మీద హక్కు కాదు. ఈ వివరాలను నేను మొదట్లో సేకరించలేదు. నా దరఖాస్తులో కౌలుదారు పేరు రాయడానికి గడి ఏదీ లేదు, కనుక అడగాలన్న ఆలోచనా రాలేదు.

అనుమతుల దారి ఈ రంగంలో ఉన్నవారికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. భూమి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) పరిధిలో వ్యవసాయ జోన్‌లో ఉంది. ముందు భూ వినియోగ మార్పిడి జరగాలి, దానికి ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు స్వీకరించాలి. అప్పటికి అమలులో ఉన్న 2006 నాటి నాలా (వ్యవసాయ భూమి మార్పిడి) చట్టం కింద వ్యవసాయేతర మార్పిడి రుసుము కట్టాలి. ఆ తరువాత 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం ప్లాను వేయాలి. ఎకరం 4,840 గజాలు. అందులో రోడ్లకు దాదాపు మూడో వంతు పోతుంది, ఖాళీ స్థలానికి పది శాతం వదలాలి, సామాజిక అవసరాలకు మరికొంత. చివరికి ఎకరానికి అమ్ముకోదగ్గది 2,700 గజాలకు కాస్త అటూఇటూగా తేలుతుంది. ఆ ప్లాట్లలో కూడా 15 శాతం అభివృద్ధి పనులకు హామీగా తనఖాలో ఉండాలి. ఈ లెక్క తెలియని భాగస్వామి ఎకరం ధరను 4,840తో భాగించి లాభం ఊహించుకుంటాడు. మా వాళ్లకు లెక్క తెలుసు. వాళ్ల లెక్కలోకి రానిది వేరే ఉంది.

గ్రామసభ

ప్రకటన వెలువడగానే ఊళ్లో అలజడి మొదలైంది. పంచాయతీ అభిప్రాయం ఫైలులో చేరాలి కనుక సర్పంచ్ గారు గ్రామసభ ఏర్పాటు చేశారు. అది 2025 జనవరి, సంక్రాంతికి ముందు వారం. తేదీని కావాలనే అలా ఎంచుకున్నట్టు ఆవిడ తరువాత నాతో అన్నారు: బయట ఉన్న పట్టాదారులు పండక్కి వస్తారు, ముఖాముఖి మాట్లాడుకోవచ్చు. పంచాయతీ తీర్మానం సీఆర్‌డీఏ చేతులు కట్టేయదు. అయినా అరవై డెబ్బై సంతకాలతో ఫైలులో చేరిన వ్యతిరేక తీర్మానం ఎంత కాలయాపనకు దారి తీస్తుందో దరఖాస్తులు నడిపినవారికి తెలుసు.

సచివాలయం ఎదుట షామియానా వేశారు. నూట యాభై మంది దాకా వచ్చారు. నేను ప్రొజెక్టరు పెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆర్చి గేటు, నలభై అడుగుల రోడ్లు, పార్కు, నడకదారి, గుంటూరుకు పది నిమిషాల దూరం. బ్రోచర్లలో గుంటూరు ఎప్పుడూ పది నిమిషాల దూరంలోనే ఉంటుంది. నేను ముగించాక చప్పట్లు రాలేదు, ఎదురు మాటా రాలేదు. ఆ నిశ్శబ్దాన్ని అంగీకారం అనుకున్నాను.

మొదటి గంట అంతా ధర చుట్టూ తిరిగింది. ఇక్కడ భూమి గురించి ఎవరు మాట్లాడినా అమరావతి పోలిక రాక తప్పదు. రాజధాని కోసం జరిగిన భూ సమీకరణలో జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి) ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, ఏటా పెరిగే కౌలు పదేళ్ల పాటు ఇస్తామన్నది అందరికీ కంఠతా వచ్చిన లెక్క. ఆ లెక్క నిలిచిపోయిన ఏళ్లలో తమ బంధువులు ఏ ఇబ్బంది పడ్డారో కూడా అందరికీ తెలుసు. అందుకే పట్టాదారుల్లో కొందరు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద, అంటే భూమికి బదులు ప్లాట్లుగా, గజాలు తీసుకోవడానికి ఒప్పుకోలేదు, రొక్కమే కావాలన్నారు. ఈ వాదనంతా అమ్మేవారికీ కొనేవారికీ మధ్యది. దానికి గ్రామసభ అక్కరలేదు. అయినా సభ దానినే పట్టుకుని గంటసేపు నడిచింది, ఎందుకంటే మైకు ముందు వరుసలో ఉన్నవారంతా పట్టాలున్నవారే.

తరువాత లేచినది విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు. డెల్టా మాగాణిని ఇళ్లకు ఇచ్చేస్తే రేపు తిండికి ఎక్కడికి వెళ్లాలని, మెట్ట భూములు ఎన్నో ఉండగా ఇక్కడే ఎందుకని, నిదానంగా, బాగా మాట్లాడారు. వెంటనే అమ్మేవారిలో ఒకాయన లేచాడు. రెండెకరాలు సొంతంగా దున్నేవాడు. “మాస్టారూ, మీరు పెన్షన్ మీద బతుకుతా నన్ను వరి మీద బతకమంటే ఎట్టా? నా కూతురు పెళ్లికి ఈ రెండెకరాలు తప్ప నా కాడ ఏముంది?” మాస్టారు జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఉందని నేనూ అనుకోను.

ఈ ఘర్షణ కొత్తది కాదు. 2015 చివరలో రాజధాని ప్రాంతానికి పర్‌స్పెక్టివ్ ప్లాన్ (దీర్ఘకాలిక ప్రణాళిక) ముసాయిదా వచ్చినప్పుడు, అందులోని వ్యవసాయ రక్షణ జోన్లను గట్టిగా వ్యతిరేకించింది రైతులే. పొలాన్ని పొలంగా కాపాడతామని ప్రభుత్వం అంటే, మా భూమి విలువ పడగొడతారా అని వారు అడిగారు. మాగాణి కాపాడాలనే మాట పట్టణంలో వింటే రైతు పక్షపు మాటలా ఉంటుంది. ఊళ్లో అది పట్టా ఉన్న రైతుకూ పట్టా లేని రైతుకూ మధ్య చీలిపోతుంది. నా వృత్తిలో పట్టా లేనివాడు ప్లాను మీద కనిపించడు.

ఇళ్లు కావాలన్నవారి గొంతు కూడా వినిపించింది. కాలనీ నుంచి వచ్చిన ఒక యువకుడు, ముగ్గురు అన్నదమ్ములు భార్యాపిల్లలతో రెండు గదుల ఇంట్లో ఉంటున్నామని చెప్పి, “ఇందులో మాకు ప్లాటు వచ్చిద్దా?” అని అడిగాడు. అతడిది వ్యతిరేకత కాదు, ఆశ. నా ప్లానులో అన్నిటికంటే చిన్న ప్లాటు 150 గజాలు, అంటే మూడు సెంట్లకు పైమాట. పల్లెల్లో ప్రభుత్వం పేదలకు ఇచ్చిన సెంటున్నర స్థలం 72 గజాల చిల్లర. భాగస్వామి ఒకరు మైకు తీసుకుని వాయిదాల పద్ధతి ఉందన్నారు. యువకుడు నెలసరి వాయిదా ఎంతని అడిగి, విని, కూర్చున్నాడు. ఈ ఊరికి ఇళ్ల కొరత ఉంది, ఈ లేఅవుట్ ఇళ్ల కోసమే వస్తోంది, అయినా ఈ రెండింటికీ సంబంధం లేదన్న సంగతి ఆ నిమిషంలో సభకంతా అర్థమైంది.

కూలి పనికి వెళ్లే ఒక ఆవిడ వెనక నుంచే అడిగింది. నాట్లు, కలుపు, మినుము పీకుడు పోతే తమకు పనేమిటని. కోత మిషన్లు వచ్చాక పని దినాలు ఎలాగూ తగ్గాయని ఆవిడే ఒప్పుకుంది. “తగ్గినయ్ అంటే లేవని కాదు గదా” అంది. ఇళ్లు వస్తే పనులు వస్తాయని, వాచ్‌మన్లు కావాలని భాగస్వామి అన్నారు. ఇరవై రెండు ఎకరాలకు ఎంతమంది వాచ్‌మన్లని ఎవరో అనగానే నవ్వులు లేచాయి. ఆవిడ నవ్వలేదు.

అప్పుడు లేచాడు అసలు మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. లేఅవుట్ హద్దుకు దిగువన అయిదెకరాలు కౌలు చేస్తున్నాడు, అంటే అమ్ముడయ్యే భూమితో అతడికి ఏ సంబంధమూ లేదు. “సార్, అమ్మేది వాళ్లు, కొనేది మీరు. దాని గురించి నేను మాట్లాడను. నా చేనుకు నీళ్లు మీ గీత లోపల్నించే వచ్చేది. ఆ బోదె ఈ బొమ్మలో ఎక్కడుందో చూపించండి.”

తెర మీదకు చూశాను. లేదు. ఇంకో స్లైడు వేశాను. దాంట్లోనూ లేదు.

ఎందుకు లేదంటే

ఈ భాగం నా తోటి వృత్తివారి కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను. నా ప్లానుకు ఆధారం ఎఫ్‌ఎంబీ స్కెచ్చులు (సర్వే నంబర్ల హద్దులు, కొలతలు చూపే పటాలు), అడంగల్ (సాగు వివరాల రెవెన్యూ రికార్డు), డ్రోన్‌తో తీసిన చిత్రం. కాలువ, మురుగు కాలువ, డొంక పోరంబోకుగా నమోదై ఉంటే స్కెచ్చులో కనిపిస్తాయి. కానీ తూము దగ్గర నుంచి మడి మడికీ నీరు తీసుకెళ్లే బోదె పట్టా భూమిలోనే, గట్టు పక్కనే, రైతుల మధ్య మాట మీద నడుస్తుంది. అది ఎవరి సర్వే నంబరూ కాదు. డ్రోన్ చిత్రం తీయించింది మే నెలలో. అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి, బోదె ఎండి, గట్టు నీడలా కనిపిస్తుంది. చిత్రంలో ఆ చారను నేను చూశాను కూడా. కాలిబాట అనుకున్నాను.

నిబంధన కూడా ఇక్కడ అక్కరకు రాదు. పది మీటర్ల లోపు వెడల్పున్న కాలువకో మురుగు కాలువకో దాని నిర్ణీత హద్దు నుంచి రెండు మీటర్లు వదలమని రాష్ట్ర భవన నిబంధనలు చెబుతాయి. బోదెకు నిర్ణీత హద్దే లేదు. రికార్డులో లేని దానికి రెండు మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు? నా దరఖాస్తులో ‘స్థలంలో జలవనరులు లేవు’ అన్న చోట టిక్ పెట్టి ఉంది. కాగితం ప్రకారం అది తప్పు కాదు. ఆ టిక్కుతోనే దిగువన ఉన్న 35 ఎకరాలకు నీరు ఆగిపోయేది.

సభలో ఆ మాట వచ్చాక భాగస్వామి తేలిగ్గా “పైపు వేసేస్తాంలే” అన్నారు. ముందు వరుసలోని ముసలి రైతు ఒకాయన వెంటనే అందుకున్నాడు: “తూడు అడ్డం పడితే పైపులో చెయ్యి పెట్టి తీసేది నువ్వా అబ్బాయ్?” తూడంటే కాలువల్లో పెరిగే కలుపు. ఆ తరువాత ఎవరూ ధర గురించి మాట్లాడలేదు. గొడవ అంతా నీళ్ల మీదకు మళ్లింది. నాలుగు నెలల ముందే, 2024 సెప్టెంబరు మొదట్లో, బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఈ ఊరి బంధువులు అక్కడ మేడల మీద గడిపారు. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బుడమేరు కథ వేరని నాకు తెలుసు. అక్కడ గట్లు తెగి వాగు నీరు ఊరి మీద పడింది, ఇక్కడ తెగడానికి వాగు లేదు. అలా అని సభలో సాంకేతిక పాఠం చెప్పి ఆ భయాన్ని కొట్టిపారేయడం నాకు సరి అనిపించలేదు. నా మీద అప్పటికి ఎవరికీ నమ్మకం లేదు కూడా.

సర్పంచ్ గారు ఓటింగు పెట్టలేదు. “రేపు పొద్దున ఆరింటికి తూము కాడ కలుద్దాం. ఇంజినీరు గారు కూడా రావాలి” అని సభ వాయిదా వేశారు. ఈ కేసులో జరిగిన మంచి నిర్ణయాల్లో మొదటిది అదే, అది నాది కాదు.

గట్టు మీద

మరునాడు నేల మట్టాలు కొలిచే ఆటో లెవెల్, దాని కొలకర్ర (స్టాఫ్) తీసుకుని వెళ్లాను. కాలువ లష్కర్ (కాలువ నీటిని చూసుకునే ఉద్యోగి), నీటి సంఘంలో గతంలో పనిచేసిన ఒక పెద్దాయన, ఆ కౌలు రైతు, ఇద్దరు పట్టాదారులు, ఒక భాగస్వామి వచ్చారు. మినుము చేలో మంచు ఆరలేదు. లష్కర్ ముందు నడిచాడు. అతడు చూపిన చోటల్లా నేను లెవెల్ తీసుకున్నాను.

ఆ ఉదయం తేలిన సంగతులు ఇవి. స్థలంలో ఒకటి కాదు, రెండు బోదెలు ఉన్నాయి. ఒకటి సాగు బోదె. తూము నుంచి తూర్పు గట్టు వెంట 410 మీటర్లు లేఅవుట్ లోపలే నడిచి దిగువ పొలాలకు చేరుతుంది. రెండోది మురుగు బోదె. ఎగువన ఉన్న 48 ఎకరాల వాన నీరు దానిలో చేరి, స్థలం మధ్యగా అడ్డంగా నడిచి, డొంక కింద ఉన్న పాత తూము గుండా పెద్ద మురుగు కాలువలో పడుతుంది. కాలువ తూము దగ్గరి మట్టానికీ ఆ చివరి మట్టానికీ 900 మీటర్ల దూరంలో తేడా 62 సెంటీమీటర్లు. అంటే అర కిలోమీటరుకు జానెడున్నర వాలు. ఇంత చదునైన నేలలో జానెడు మట్టి ఎక్కడ వేసినా నీరు దారి మార్చుకుంటుంది. లష్కర్‌కు లెవెల్ మిషన్ అక్కరలేకుండానే ఇది తెలుసు. నేను అంకె చదవకముందే అతడు “ఇక్కడ రెండంగుళాలు పల్లం” అన్నాడు. రెండున్నర అని తేలింది.

నా మొదటి ప్లానులో స్థలమంతా మూడడుగులు మెరక చేయాలని ఉంది. మాగాణిలో ఇల్లు కట్టాలంటే మెరక తప్పదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఎకరం 43,560 చదరపు అడుగులు. మూడడుగులంటే 1,30,680 ఘనపు అడుగులు, మా భాషలో 1,306 యూనిట్లు. ఆరు యూనిట్ల టిప్పర్‌తో ఎకరానికి 218 ట్రిప్పులు, 22 ఎకరాలకు దాదాపు 4,800. రోజుకు నలభై చొప్పున నాలుగు నెలలు ఆ డొంక మీద టిప్పర్లు తిరగాలి. ఈ లెక్క నేను ఎస్టిమేట్ కోసం ముందే వేశాను. దానిని ఊరివైపు నుంచి చూడటం గట్టు మీద నిలబడ్డాకే జరిగింది.

రెండో లెక్క అంతకంటే ముఖ్యం. పది సెంటీమీటర్ల వాన ఒక్క రోజులో పడటం ఇక్కడ తుపాను కాలంలో వింత కాదు. 22 ఎకరాల మీద ఆ వాన 89 లక్షల లీటర్లు. వరి మడి తన గట్ల మధ్య ఆ నీటిని చాలా వరకు నిలబెట్టుకుని రెండు మూడు రోజుల్లో మెల్లగా మురుగు బోదెలోకి వదులుతుంది, వరి ఆ మాత్రం ముంపును తట్టుకుంటుంది. మెరక చేసి, సిమెంటు రోడ్లు వేసి, ఇళ్లు కట్టాక అదే నీరు గంటల్లో బయటకు రావాలి. పైగా ఎగువ 48 ఎకరాల నీటికి దారి మూసుకుపోయి ఉంటుంది. ప్లాట్లు కొన్నవారు మునగరు. ఎగువ వరి మునుగుతుంది, దిగువ వరి ఒకసారి ఎండి ఇంకోసారి కొట్టుకుపోతుంది.

నేను ఈ లెక్కలు గట్టు మీదే, ఫోన్ కాలిక్యులేటర్‌లో వేసి చూపించాను. భాగస్వామి ముఖం చూసి మా ఒప్పందం అక్కడితో ముగిసిందనుకున్నాను.

మార్చిన ప్లాను

ముగియలేదు, కానీ దాని కారణం గొప్పది కాదు. ఆఫీసులో కూర్చున్నప్పుడు నేను న్యాయం గురించి మాట్లాడి ఉంటే అరగంటలో బయటకు వచ్చేవాడిని. నేను చెప్పింది వేరే. ఈజ్‌మెంట్ చట్టం, 1882 ప్రకారం ఇరవై ఏళ్లు అడ్డంకి లేకుండా, హక్కుగా, బహిరంగంగా వాడుకున్న నీటి దారి మీద హక్కు ఏర్పడుతుంది. ఈ బోదెల వయసు దానికి నాలుగైదు రెట్లు. దిగువ పట్టాదారు ఒక్కరు సివిల్ కోర్టుకు వెళ్లి ఇంజంక్షన్ తెస్తే పని ఆగుతుంది. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు చేసి ఒక తేదీకి అప్పగిస్తామని రాసిచ్చాక పని ఆగితే కొన్నవారికి జవాబు చెప్పాల్సింది భాగస్వాములే. ఈ మాట వారికి అర్థమైంది.

ప్లాను మళ్లీ గీశాను. సాగు బోదెను తూర్పు హద్దు వెంట, మురుగు బోదెను మధ్య రోడ్డు పక్కనే, రెండింటినీ తెరిచిన కాలువలుగానే ఉంచాను. పైపు వద్దన్న ముసలాయన మాట నిజం: ఇంత తక్కువ వాలులో రెండడుగుల పైపు ఒండ్రుతో రెండేళ్లలో సగం నిండుతుంది. బాగుచేయడానికి మనిషి దిగేలా పక్కన నాలుగు మీటర్ల బాట వదిలాను. పార్కును ముఖద్వారం దగ్గర నుంచి తీసి, లష్కర్ చూపిన పల్లంలోకి మార్చి, అక్కడ మెరక వద్దని రాశాను. పెద్ద వానకు అది చెరువులా నిండి ఒకటి రెండు రోజుల్లో తీస్తుంది. కాలువ దారిని ఖాళీ స్థలం పది శాతంలో కలిపి చూపిద్దామని భాగస్వామి ఒత్తిడి చేశారు. అలా చూపితే పిల్లలు ఆడుకోవాల్సిన జాగా కాగితం మీదే మాయమవుతుంది, కనుక ఒప్పుకోలేదు. మెరకను మూడడుగుల నుంచి రెండుకు దించాను. మొత్తం మీద పద్నాలుగు ప్లాట్లు తగ్గాయి. నా ఫీజులో కూడా కొంత తగ్గింది. ఎందుకో వారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈలోగా రెండెకరాల ఆయన, మాస్టారుకు జవాబు చెప్పినవాడే, తన భూమిని వెనక్కి తీసుకున్నాడు. కూతురి పెళ్లికి వేరే దారి దొరికిందో, ధర చాలలేదో తెలియదు. అతడి పొలం డొంక వైపు మూలన ఉండటంతో 20 ఎకరాలతో లేఅవుట్ నిలిచింది, కానీ రెండు రోడ్లు అతడి గట్టు దగ్గర ఆగిపోయాయి. అమ్మకాల మ్యాపులో ఆ మూల ‘ఫ్యూచర్ ఫేజ్’ అని రాశారు. నేను రాయలేదు.

మార్చిలో రెండో గ్రామసభ గంటలో ముగిసింది. పంచాయతీ షరతులతో అనుమతికి అభ్యంతరం లేదని తీర్మానించింది. రెండు బోదెలూ తెరిచే ఉండాలి. చేల మీద ఉన్న మినుము, మొక్కజొన్న ఇల్లు చేరేదాకా మట్టి తోలకూడదు. టిప్పర్లు బడి వేళల్లో డొంక మీద తిరగకూడదు. పాడైన డొంకను భాగస్వాములే వేసివ్వాలి. తీర్మానంలోని షరతులకు సొంత బలం లేదని నాకు తెలుసు కనుక, వాటిలో కాలువలకు సంబంధించినవాటిని ప్లాను మీదే గమనికలుగా రాసి, అడ్డకోతల కొలతలతో సహా దాఖలు చేశాను. అనుమతి పొందిన ప్లాను మీద ఉన్న గీతను తుడవడం, పంచాయతీ మినిట్స్ పుస్తకంలోని వాక్యాన్ని మరిచిపోయినంత తేలిక కాదు.

చేయలేకపోయినవి ఉన్నాయి. కాలనీ యువకుడి ప్రశ్నను భాగస్వాముల ముందు రెండుసార్లు పెట్టాను. ఒక వరుసలో చిన్న ప్లాట్లు వేద్దామంటే మిగతా ప్లాట్ల ధర పడిపోతుందన్నారు. ఆ మాటను నేను లెక్కలతో ఖండించలేకపోయాను. స్థలం లోపల కౌలు చేసుకుంటున్న ఎనిమిది మందిలో ముగ్గురికి పక్క ఊళ్లో కౌలు దొరికింది, బస్తాల లెక్కన మునుపటి కంటే ఎక్కువకు. పొలాలు తగ్గితే మిగిలిన పొలాల కౌలు పెరగడం సహజం. మిగతావారి సంగతి వాకబు చేశాను కానీ పూర్తిగా తెలియలేదు. పరిహారం అన్న మాట ఏ కాగితంలోనూ లేదు.

అప్పటి నుంచి మాగాణి స్థలం నా దగ్గరకు వస్తే కాలువకు నీళ్లు వదిలాక ఒకసారి, వాన పడ్డ మరునాడు ఒకసారి నడిచి చూసి గానీ స్కెచ్చు తీయడం లేదు. లష్కర్ ఫోన్ నంబరు ఎఫ్‌ఎంబీ కాపీతో పాటు ఫైలు మొదటి పేజీలో ఉంటోంది. పని రెండు నెలలు ఆలస్యమవుతుంది. కొందరు క్లయింట్లు అందుకే వేరే ఎల్‌టీపీ దగ్గరకు వెళ్లారు.

ఆ సంవత్సరపు వాన

తాత్కాలిక అనుమతి వచ్చాక మొదట కాలువల పని చేయించాం, మట్టి తోలకం ఇంకా సగంలోనే ఉంది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలు పడ్డాక మూడో రోజు వెళ్లి చూశాను. సాగు బోదె నిలిచింది. పార్కు పల్లం నిండి ఉంది. ఎగువ పొలాల్లో చాలా వరకు నీరు తీసింది కానీ, డొంకకు ఆనుకుని నాలుగెకరాల్లో ఈనిక మీదున్న వరి ఇంకా నీళ్లలోనే ఉంది. కారణం మా హద్దు బయట కనిపించింది. మురుగు బోదెను లోపల వెడల్పు చేశాం, డొంక కింద పాత తూము మాత్రం ఎప్పటిలాగే రెండడుగుల మూతితో ఉంది. లోపల నీరు త్వరగా వచ్చి అక్కడ ఆగుతోంది. ఒక విధంగా ఆ నాలుగెకరాల ముంపుకు నా వెడల్పే కారణం.

ఆ తూము ఎవరిదని అడిగితే పంచాయతీ ఇరిగేషన్ వారిదంది, ఇరిగేషన్ వారు డొంక పంచాయతీదన్నారు. భాగస్వాములు తమ హద్దు బయట ఖర్చు పెట్టరు. మొదటి సభలో బోదె ఎక్కడని అడిగిన కౌలు రైతు ఆ రోజు అక్కడే ఉన్నాడు, పారతో తూము మూతి దగ్గర తూడు లాగుతున్నాడు. అతడి చేను దిగువన, మునగలేదు. ముంపు వేరేవాళ్లది. నన్ను చూసి కర్ర ఇచ్చి మూతి కొలవమన్నాడు. కొలిచి, నాలుగడుగుల బాక్సు తూముకు అంచనా వేసి సర్పంచ్ గారికి ఇచ్చాను. అది ఇప్పుడు పంచాయతీలో ఉంది.